మెట్టచేలో ఎండ, నీరు, ఎరువు

భూపాలపల్లినుండి కాళేశ్వరమునకు పోవు దారిలో కాటారము కలదు. అడవుల నడుమనున్న ఈ మండలమున వానకాలమునందు పత్తి, వరి, మొక్కజొన్న, మిరప పైరులు కానవచ్చును. చెరువుక్రింద, బోరుక్రింద ఉన్న పొలముల సంగతి వేరు. వానను మాత్రమే నమ్ముకొన్న చెలకల సంగతి వేరు. ఆగస్టు నెలలో అట్టి చెలకల వెంట నడచినవారికి ఒక దృశ్యము తరచుగా కనబడును. ఒకే గట్టునకు ఇరుప్రక్కల రెండు మొక్కజొన్న చేలుండును. రెండింటను విత్తనము పడినది ఒకే వారమున. రెండింటిపై కురిసిన వాన ఒకటే, కాసిన ఎండ ఒకటే. అయినను ఒక చేలో ఆకులు సాలునకు సాలు కలిసి నేల కానరాకుండ కప్పివేసినవి. రెండవ చేలో మోకాటియెత్తు మొక్కల నడుమ ఎర్రమన్ను ఎండకు మెరయుచుండును. కోతనాటికి మొదటిది రెండవదానికి మూడింతలు పండినను ఆశ్చర్యపడ పనిలేదు.

ఈ తేడాకు కారణమేమని అడిగినచో “పదును, ఎరువు” అని రైతు వెంటనే చెప్పును. ఆ మాట నిజమే. కాని ఆ రెండును ఏ మార్గమున పంటను పెంచుచున్నవో తెలిసికొనినగాని, వాటిని ఎప్పుడు, ఎంత వాడవలెనో తెలియదు. మొక్కజొన్న గింజను ఎండబెట్టి తూచిన, అందులో నత్రజని నూటికి ఒకటిన్నర పాళ్లే. మిగిలినదానిలో బహుభాగము, గాలిలోని బొగ్గుపులుసు వాయువును నీటితో కలిపి మొక్క తయారుచేసికొన్న పిండిపదార్థము. ఆ కలిపెడి పనికి కావలసిన బలము ఎండనుండియే వచ్చును. కావున పంట అనగా నిలువచేసిన ఎండ. నీరును ఎరువును ఆ ఎండను పట్టుటకు, వాడుటకు మొక్కకు తోడ్పడు సాధనములు.

ఈ విషయముపై ప్రపంచమున జరిగిన పరిశోధనలలో పెక్కు గోధుమపైరుమీద జరిగినవి. కాటారము గోధుమకు తగిన చోటు కాదు. గోధుమకు చల్లని, నిడివియైన శీతకాలము కావలెను. గింజ పాలుపోసికొను సమయమున వేడి ముదిరినచో గింజ నొక్కుకొనిపోవును. తెలంగాణమున ఆదిలాబాదు, మెదకు ప్రాంతములలో మాత్రము కొద్దిగా గోధుమ పండును. అయినను గోధుమచేలలో తెలిసికొన్న సూత్రములు మొక్కజొన్నకును, జొన్నకును వర్తించును. తేడా లెక్కలలోనే గాని సూత్రములో కాదు.

ఎండ లెక్క

చేనిపై ఎంత ఎండ పడుచున్నదో మొదట చూడవలెను. శక్తిని కొలుచుటకు శాస్త్రజ్ఞులు మెగాజౌల్ అను కొలతను వాడుదురు. ఇంటి మీటరుపై ఒక యూనిట్ కరెంటు ఖర్చయినదనగా 3.6 మెగాజౌళ్ల శక్తి ఖర్చయినట్లు. మబ్బులు పట్టుచు విడుచుచునుండు వానకాలమునందు కూడ తెలంగాణములో ఒక చదరపు మీటరు నేలపై రోజునకు సగటున 16 మెగాజౌళ్ల ఎండ పడునని లెక్కకొరకు అనుకొనవచ్చును. అనగా ఇంచుమించు నాలుగున్నర యూనిట్లు. ఎకరమునకు 4,047 చదరపు మీటర్లు. ఈ లెక్కన ఒక్క ఎకరముపై ఒక్క రోజున పడు ఎండ సుమారు 18,000 యూనిట్ల కరెంటునకు సమానము. ఇంత శక్తి, దమ్మిడీ ఖర్చు లేకుండ, బీదరైతు చేనిపైనను భాగ్యవంతుని చేనిపైనను ఒకే తీరున పడుచున్నది.

ఇందులో మొక్కకు దక్కునది మాత్రము స్వల్పము. ఎండలో ఇంచుమించు సగమే ఆకుపచ్చని ఆకు వాడుకొనగల వెలుగు. తక్కిన సగములో ఎక్కువ భాగము కంటికి కానరాని వేడికిరణములు. పనికివచ్చు వెలుగులో కూడ చాల భాగము ఆకులో జరుగు మార్పులలో వేడిగా పోవును. తయారైన పదార్థములో కొంత మొక్క తన శ్వాసకొరకే ఖర్చుచేసికొనును. ఇవన్నియు పోగా, మంచి పైరు తాను పట్టిన ఎండలో నూటికి రెండు, రెండున్నర పాళ్లను మాత్రమే పదార్థముగా నిలుపుకొనగలదు. మెట్టచేలో అదియైనను పూర్తిగా దక్కుట అరుదు.

నాలుగు మెట్ల లెక్క

పైరు తూకమును ఎండతో ముడిపెట్టి స్పష్టముగా లెక్క కట్టినవాడు జాన్ మాంటీత్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞుడు. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నున్న ఆయన 1977లో ప్రకటించిన వ్యాసములో బ్రిటనులోని బార్లీ, బంగాళదుంప, చక్కెరదుంప, ఆపిలు పంటలను పరిశీలించెను. ఏ పైరైనను, చక్కగా పెరిగినచో, పట్టిన ప్రతి మెగాజౌల్ ఎండకు సుమారు 1.4 గ్రాముల ఎండుపదార్థమును తయారుచేయుచున్నదని తేల్చెను. తెలుగువారికి ఆయనతో మరియొక సంబంధము కూడ కలదు. హైదరాబాదు సమీపమున పటాన్‌చెరువులో 1972లో నెలకొల్పబడిన ఇక్రిశాట్ సంస్థలో ఆయన 1980ల చివరి సంవత్సరములయందు వనరుల పరిశోధన శాఖకు పెద్దగా పనిచేసెను. వానపై ఆధారపడు జొన్న, సజ్జ, వేరుసెనగ పైరులు ఎండను, నీటిని ఎట్లు వాడుకొనుచున్నవో ఆ సంస్థ చేలలో ఎన్నియో ఏండ్లుగా కొలిచియున్నారు.

మాంటీత్ చూపిన లెక్కకు నాలుగు మెట్లు కలవు. మొదటిది చేనిపై పడిన ఎండ. రెండవది అందులో ఆకులు పట్టుకొన్న భాగము. మూడవది పట్టిన ఎండను పదార్థముగా మార్చు సామర్థ్యము. నాలుగవది ఆ పదార్థములో గింజకు చేరు పాలు. ఈ నాలుగింటిని వరుసగా గుణించినచో దిగుబడి వచ్చును. ఒక్క మెట్టు బలహీనమైనను తక్కినవి ఎంత బలముగా నున్నను దిగుబడి తగ్గును.

మొదటి మెట్టు రైతు చేతిలో లేదు, దానికి లోటును లేదు. నీరును ఎరువును పనిచేయునది తక్కిన మూడు మెట్లపైననే.

ఎండను పట్టు వల

ఎండను పట్టునది ఆకు. ఒక చదరపు మీటరు నేలపై నున్న ఆకులనన్నింటిని కోసి ప్రక్కప్రక్కన పరచినచో అవి ఎన్ని చదరపు మీటర్లను కప్పునో ఆ సంఖ్యకు “ఆకు విస్తీర్ణ సూచిక” అని పేరు. ఈ కొలతను 1947లో ఇంగ్లండులోని రోథాంస్టెడ్ పరిశోధనా కేంద్రమునకు చెందిన వాట్సన్ ప్రవేశపెట్టెను. గోధుమపై ఎరువుల ప్రయోగము 1843నుండి ఎడతెగక సాగుచున్న క్షేత్రమది. ఒక చేనికిని మరియొక చేనికిని దిగుబడిలో వచ్చు తేడాలు ముఖ్యముగా ఆకు విస్తీర్ణములోని తేడాలవలననే కలుగుచున్నవనియు, ఆకు ఒక్కొక్కటి చేయు పనిలోని తేడా అంత పెద్దది కాదనియు వాట్సన్ చూపెను.

ఆకు పెరిగినకొలది ఎండ ఎంత పట్టుబడునో 1953లో జపానుదేశీయులైన మోన్సి, సాయెకి లెక్క కట్టిరి. వారి సూత్రము ప్రకారము సాధారణమైన పైరులో సూచిక 1 అయినచో నూటికి 40 పాళ్ల వెలుగు పట్టుబడును. 2 అయినచో 63, 3 అయినచో 78, 4 అయినచో 86 పాళ్లు. పై ఆకులు క్రింది ఆకులకు నీడ పట్టుటచేత ఆపైన వచ్చు లాభము తగ్గుచుండును. కావున పలుచని చేలో ఒక్క ఆకు అదనముగా వచ్చినను గొప్ప లాభము. దట్టమైన చేలో పది ఆకులు అదనముగా వచ్చినను లాభము కొద్ది. మెట్టపైరులలో సూచిక తరచుగా 2 దాటదు. అనగా లాభము ఎక్కువగా నుండు చోటనే అవి ఆగిపోవుచున్నవి.

ఎండ వృథాయగుట పంట మొదటి నెలలోనే అధికము. విత్తిన ఇరువది దినములవరకు చేనిపై పడిన ఎండలో నూటికి తొంబదిపాళ్లు మట్టిని వేడిచేయుటకే పోవును. సాళ్లు ఎంత త్వరగా మూసికొనునో అంత ఎండ దక్కును. ఆకు ఎంత కాలము పచ్చగా నిలుచునో అదియు అంత ముఖ్యము.

నీరు చేయు పని

ఆకుపై కంటికి కానరాని రంధ్రములు వేలకొలది కలవు. బొగ్గుపులుసు వాయువు లోనికి వచ్చుట ఆ ద్వారములగుండనే. నీటి ఆవిరి వెలుపలికి పోవుటయు వాటిగుండనే. ద్వారము తెరచినచో నీరు పోవును, మూసినచో ఆహారము రాదు. మొక్క బ్రతుకంతయు ఈ బేరముమీద నడచుచున్నది.

ఈ బేరములో ధర ఎంత? 20వ శతాబ్దము రెండవ దశకమున అమెరికాలోని కొలరాడో మెట్టప్రాంతమున బ్రిగ్స్, శాంట్జ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు పలు పైరులను తొట్లలో పెంచి తూచిరి. ఒక కిలో ఎండుపదార్థమును తయారుచేయుటకు గోధుమ సుమారు 500 కిలోల నీటిని ఆవిరి చేసెను. మొక్కజొన్నకు సుమారు 350, జొన్నకు సుమారు 300 కిలోలు చాలినవి. దీనికి కారణము చాలకాలము తరువాత తెలిసినది. 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ అనువారు వివరించిన ప్రకారము, చెరకు, మొక్కజొన్న, జొన్న వంటి మొక్కలు బొగ్గుపులుసు వాయువును ముందుగా ఒకచోట కూడబెట్టి, పిదప వాడుకొను ప్రత్యేకమైన ఏర్పాటు కలవి. గోధుమకును వరికిని ఆ ఏర్పాటు లేదు. అందుచేత జొన్నజాతి పైరు ద్వారమును కొద్దిగా తెరచియే తన పని జరుపుకొనగలదు. తెలంగాణ చెలకలలో తరతరములుగా జొన్న నిలిచియుండుట కాకతాళీయము కాదు.

బెట్ట తగిలినప్పుడు మొక్కకు కలుగు నష్టము రెండు విధములు. రంధ్రములు మూసికొనుటచే ఎండను మార్చు పని తగ్గును. ఇది అందరు ఎరిగినదే. కాని అంతకు ముందే మరియొక నష్టము జరుగును. 1970లో అమెరికాలో జాన్ బోయర్ మొక్కజొన్న, సోయాచిక్కుడు, పొద్దుతిరుగుడు ఆకులను పరిశీలించి, నీటి కొరత స్వల్పముగా నున్నప్పుడే ఆకు పెరుగుదల ఆగిపోవుచున్నదనియు, ఆహారము తయారగు పని మాత్రము ఇంకను సాగుచునేయుండుననియు చూపెను. అనగా ఆకు వాడకముందే, రైతు కంటికి పైరు బాగుగానే యున్నట్లు తోచు దినములలోనే, వల అల్లిక ఆగిపోవుచున్నది. పది దినముల బెట్ట తరువాత వాన వచ్చి మొక్క తేరుకొనినను, ఆ పదినాళ్లలో విస్తరించవలసిన ఆకు చిన్నదిగానే మిగులును. కోతవరకు అది పట్టు ఎండ తక్కువయే.

కాటారము ప్రాంతమున ఏడాది వాన సుమారు వెయ్యి మిల్లీమీటర్లు. అందులో అధికభాగము జూన్‌నుండి సెప్టెంబరు వరకు కురియును. మొత్తము చూచినచో తక్కువ కాదు. చిక్కు వాన మొత్తములో లేదు. నేల నిలుపుదలలో నున్నది. లోతులేని చెలకనేల వేరులకు అందు మేరలో నిలుపుకొనగల నీరు సాధారణముగా 100 మిల్లీమీటర్లకు మించదు. అందులో సులభముగా అందునది సగమే. ఎదిగిన పైరు రోజునకు నాలుగైదు మిల్లీమీటర్లు త్రాగును. కావున పది పండ్రెండు దినములు వాన లేకపోయినచో పైరునకు కష్టము మొదలగును. లోతైన నల్లరేగడి దీనికి రెండింతలు నిలుపుకొనగలదు కనుకనే అక్కడి పైరు అంత త్వరగా తల వంచదు.

ఎరువు చేయు పని

ఎరువులలో ఎండతో ఎక్కువ సంబంధము గలది నత్రజని. ఆకుపచ్చని రంగునిచ్చు పత్రహరితములోను, బొగ్గుపులుసు వాయువును బంధించు మాంసకృత్తులలోను నత్రజని కలదు. ఆకులోనున్న నత్రజనిలో సగమునకు పైగా ఎండను వాడుకొను ఈ యంత్రాంగమునందే యుండును. అది చాలినంత దొరకనప్పుడు మొక్క రెండు మార్గములలో సర్దుకొనును. ఒకటి, ఆకులను చిన్నవిగా, కొద్దిగా వేయుట. గోధుమయైనచో పిలకలు తగ్గించుకొనుట. రెండు, ఉన్న ఆకులను పలుచని యంత్రాంగముతో నడుపుట. మొదటిదానివలన ఎండను పట్టు వల చిన్నదగును. రెండవదానివలన పట్టిన ఎండను మార్చు సామర్థ్యము తగ్గును. గింజ కట్టు సమయమున కొరత ఏర్పడినచో మొక్క ముదురు ఆకులను విప్పి అందలి నత్రజనిని కంకికి పంపును. ఆకు ముందుగానే ఎండిపోవును. సెప్టెంబరు, అక్టోబరు నెలల మంచి ఎండ వృథాయగును.

భాస్వరము చేయు సాయము వేరు. అది మొదటి దినములలో వేరు సాగుటకు, లేత ఆకులు త్వరగా విచ్చుటకు తోడ్పడును. వేరు లోతుగా పోయిన మొక్కకు బెట్టలో ఆసరా ఎక్కువ. గంధకము, జింకు, బోరాన్ వంటివి కొద్దిగా కావలసినవే అయినను, అవి లేనిచో తక్కిన ఎరువు పూర్తిగా పనిచేయదు. 2000 తరువాతి దశాబ్దమున ఇక్రిశాట్‌వారు నాటి ఆంధ్రప్రదేశ్‌లోని పెక్కు మెట్టగ్రామముల మట్టిని పరీక్షించి ఈ మూడింటి కొరత విస్తారముగా నున్నదని కనుగొనిరి.

చేలో నిలబడి చూచినచో ఏ కొరత ఉన్నదో కొంతవరకు గుర్తించవచ్చును. మొక్కజొన్నలో క్రింది ఆకులు కొననుండి నడిమి ఈనె వెంబడి బాణపు ములికి ఆకారమున పసుపుబారినచో అది నత్రజని కొరత. పై ఆకులు మధ్యాహ్నమున పొడుగున చుట్టుకొని, తెల్లవారునప్పటికి విప్పుకొనుచున్నచో అది నీటి కొరత. ఉదయమున కూడ చుట్టుకొనియే యున్నచో నేలలో పదును అడుగంటినట్లు. మొదటిదానికి మందు యూరియా. రెండవదానికి యూరియా మందు కాదు.

రెండును కలిసిన ఫలము

నీరు, ఎరువు విడివిడిగా చేయు పనులకన్న కలిసి చేయు పని ముఖ్యమైనది. సిరియాదేశమున అలెప్పో సమీపమునందు ఇకార్డా సంస్థవారు 1980లలో బార్లీ, గోధుమ పైరులపై చేసిన ప్రయోగములు ఇందుకు ఉదాహరణము. అక్కడ శీతకాలపు వాన తప్ప వేరే నీరు లేదు. ఎరువు వేసిన చేను, వేయని చేను, రెండును నేలనుండి పోగొట్టుకొన్న నీటి మొత్తము ఇంచుమించు సమానమే. కాని ఎరువు వేయని చేలో ఆ నీటిలో పెద్దభాగము బట్టబయలుగా నున్న మట్టినుండియే ఆవిరియైపోయెను. ఎరువు వేసిన చేలో ఆకులు త్వరగా నేలను కప్పుటచేత, అదే నీరు మొక్కగుండ పోయి పంటను పెంచెను. నేలమీద పడిన ఎండ నీటిని ఊరక ఆవిరి చేయును. ఆకుమీద పడిన ఎండ అదే నీటితో ఆహారము చేయించును. అనగా తగిన ఎరువు నీటిని కూడ పొదుపు చేయుచున్నది.

1984లో దక్షిణ ఆస్ట్రేలియాలో ఫ్రెంచ్, షుల్ట్జ్ అనువారు గోధుమచేలను పరిశీలించి ఒక ఉపయోగకరమైన హద్దు గీసిరి. మట్టినుండి ఆవిరియగు సుమారు 110 మిల్లీమీటర్లను తీసివేయగా, మిగిలిన ప్రతి మిల్లీమీటరు నీటికి హెక్టారుకు 20 కిలోలు, అనగా ఎకరమునకు 8 కిలోల గోధుమ పండగలదని వారి లెక్క. పెక్కు చేలు ఆ హద్దును అందుకొనలేదు. కారణము వాన లేకపోవుట కాదు. ఎరువు చాలకపోవుట, కలుపు, తెగులు, ఆలస్యముగా విత్తుట. వానను నిందించుటకు ముందు ఈ నాలుగింటిని చూచుకొనవలెనని దీని భావము.

అయితే దీనికి ఎదురు ప్రక్క కూడ కలదు. ఆస్ట్రేలియాలోనే గోధుమకు మొదట ఎక్కువ నత్రజని వేసిన చేలు కొన్ని దట్టముగా, కన్నులపండువుగా పెరిగి, చివర బెట్ట తగులగా తాలుగింజలతో గడ్డివలె ఎండిపోయినవి. పెద్ద ఆకుల వల ఎండను బాగుగా పట్టినది గాని, నేలలోని నీటినంతయు పూతకు ముందే త్రాగివేసినది. గింజకు చేరవలసిన నాలుగవ మెట్టు విరిగిపోయినది. మెట్టరైతునకు ఇది మరువరాని పాఠము. నీరు లేక ఎరువు, ఎరువు లేక నీరు, రెండును నష్టమే. ఖర్చు పెట్టి తెచ్చుకొన్న నష్టము మొదటిది.

రెండు చేల లెక్క

ఇప్పుడు కాటారము గట్టునకు ఇరుప్రక్కల నున్న రెండు చేలను లెక్కలో పెట్టవచ్చును. పంటకాలము నూరు దినములు. చదరపు మీటరుపై పడిన ఎండ మొత్తము 1,600 మెగాజౌళ్లు. ఇవి కొలిచిన అంకెలు కావు, సూత్రము తెలియుటకు వేసిన లెక్క.

మంచి చేను ఆ ఎండలో సగము, అనగా 800 మెగాజౌళ్లు పట్టి, ఒక్కొక్కదానికి 1.4 గ్రాముల చొప్పున 1,120 గ్రాముల పదార్థము చేసినది. ఎకరమునకు సుమారు 4,500 కిలోలు. అందులో నూటికి 40 పాళ్లు గింజయైన 18 క్వింటాళ్లు. పలుచని చేను పావువంతు, అనగా 400 మెగాజౌళ్లు మాత్రమే పట్టినది. నత్రజని, నీరు చాలక ఒక్కొక్కదానికి 1 గ్రాము మాత్రమే చేసినది. చదరపు మీటరుకు 400 గ్రాములు, ఎకరమునకు సుమారు 1,600 కిలోలు. నూటికి 35 పాళ్లు గింజయైన ఐదున్నర క్వింటాళ్లకు కొంచెము పైన. మూడింతల తేడా ఇచ్చటనే వచ్చినది. అందులో పట్టుటవలన వచ్చిన తేడా రెండింతలు. మార్చుటవలన వచ్చినది ఒకటిన్నర రెట్లకు తక్కువ. వల వెడల్పే ముఖ్యమని వాట్సన్ చెప్పిన మాట ఈ లెక్కలో కూడ కనబడుచున్నది.

నీటి లెక్క కూడ చూడవలెను. కిలో పదార్థమునకు 350 కిలోల నీటి చొప్పున మంచి చేనికి మొక్కలగుండ పోవలసిన నీరు సుమారు 390 మిల్లీమీటర్లు. పలుచని చేనికి 140 మాత్రమే. వానకాలమున కురియు నీటితో పోల్చిన రెండును తక్కువయే. తక్కిన నీరు వాలు వెంబడి పారిపోవుచున్నది, లేదా మట్టినుండి ఆవిరియగుచున్నది.

ఇక నత్రజని. ఒక క్వింటాలు మొక్కజొన్న పండించుటకు మొక్క మొత్తము మీద రెండు, రెండున్నర కిలోల నత్రజని తీసికొనును. 18 క్వింటాళ్లకు 40 కిలోల పైమాట. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20.7 కిలోలు. అందులో పైరునకు అందునది సగమైనచో, పదును సరిగా నున్న చేలో ఒక బస్తా నాలుగైదు క్వింటాళ్ల గింజను అదనముగా ఇయ్యగలదు. అదే బస్తాను ఎండిన నేలపై చల్లినచో, మంచుకు, చిరుజల్లుకు కరగి అమ్మోనియా వాయువుగా గాలిలో కలియును. మిగిలినది తరువాత వచ్చు పెద్దవానకు కొట్టుకొనిపోవును. బస్తా ఖర్చు మాత్రము అప్పుపద్దులో నిలుచును.

చేలో చేయదగినది

ఇంతవరకు చెప్పినదానినుండి చేయవలసిన పనులు తేటపడుచున్నవి. భాస్వరము విత్తునప్పుడే వేరునకు అందునట్లు వేయవలెను. నత్రజనిని ఒక్కసారిగా వేయక మూడు పాళ్లు చేయవలెను: విత్తునప్పుడు ఒకటి, మోకాటియెత్తు పెరిగినప్పుడు ఒకటి, పూతకు ముందు ఒకటి. ఇట్లు పాళ్లు చేయుటలోని గొప్పతనము ఎరువు పొదుపు మాత్రమే కాదు. వానను చూచి నిర్ణయించుకొను వీలు కలుగును. వాన పడి పదునున్ననాడు వేసి గుంటక తోలి మట్టిలో కలుపవలెను. బెట్టనాడు వేయక వేచియుండవలెను. వాన అసలే రానిచో మూడవ పాలును మానుకొనుటయే లాభము.

మొక్కజొన్నకు 50, 60 దినముల మధ్య పీచు వచ్చు సమయము అతి సుకుమారమైనది. అప్పుడు బెట్ట తగిలిన పుప్పొడి రాలు సమయమునకు పీచు వెలుపలికి రాక కంకిలో గింజ పట్టదు. అట్టి సమయమున ఒక్క తడి ఇచ్చుటకు నీరున్నను పంట నిలుచును. వాలులో త్రవ్వుకొన్న చిన్న నీటికుంట ఇందుకే. 1985లో హైదరాబాదులో ఏర్పడిన కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ ఇట్టి కుంటలపైనను, వాలునకు అడ్డముగా దున్నుటపైనను శ్రద్ధ వహించియున్నది.

చెలకనేల నిలుపుదల పెంచుటకు చెరువు పూడికమన్ను తెలంగాణమునకు పాతమందు. కాకతీయులనాటి చెరువుల ప్రాంతమిది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనులలో చెరువులనుండి తీసిన మట్టిని రైతులు బండ్లతో, ట్రాక్టర్లతో చేలకు తోలుకొనిరి. ఆ బంకమన్ను నీటిని పట్టియుంచును, దానితోపాటు నత్రజనిని, భాస్వరమును కూడ కొంత తెచ్చును. అనగా ఒక్క మట్టితో రెండు కొరతలు తీరును.

పత్తిలో కందిసాలు వేయు అలవాటును కూడ ఈ దృష్టితో చూడవచ్చును. పత్తి ఒక కాలమున పట్టలేని ఎండను, పత్తి వేరు అందుకొనలేని లోతు నీటిని కంది వాడుకొనును. పైగా కంది వేళ్లపై బుడిపెలలో నత్రజని గాలినుండి చేరును. పటాన్‌చెరువులో మార్షల్, విల్లీ అనువారు సజ్జను, వేరుసెనగను కలిపి వేసి, పట్టుబడిన వెలుగును కొలిచి 1983లో ప్రకటించిన ఫలితములలో ఇట్టి జోడు పైరు ఒంటరి పైరులకన్న ఎండను మెరుగుగా వాడుకొన్నట్లు తేలినది. పెద్దలు వాడుకలో కనుగొన్నదానిని కొలతలు బలపరచినవి.

కలుపు మాట చివర చెప్పినను తక్కువది కాదు. కలుపు ఆకు పట్టిన ఎండయు, త్రాగిన నీరును, తిన్న ఎరువును పైరువాటాలోనివే. మొదటి నెలలో తీసిన కలుపు తరువాత తీసినదానికన్న విలువైనది. వల అల్లుకొను కాలము అదే.

ఎండకు వెల లేదు. కాని దానిని పట్టు ఆకునకు నీరు, ఎరువు, శ్రమ అను వెల కలదు. ఆ మూడింటిలో రెండు రైతు కొనునవి, ఒకటి వాన ఇచ్చునది. వాన ఇచ్చినదానిని చూచి, కొనవలసినదానిని నిర్ణయించుకొనుటలోనే మెట్టసేద్యపు నేర్పు ఉన్నది. ఆగస్టు నెలలో చేని గట్టుపై నిలుచుండి, మిట్టమధ్యాహ్నమున సాళ్ల నడుమ ఎంత మన్ను ఎండలో మెరయుచున్నదో చూచిన చాలును. ఆ మెరయుచున్నంత మేర ఎండ ఆనాడు పంటకు దక్కలేదని తెలియును. పిదప ఆకును చూచి, మట్టిని పిడికిట పట్టి చూచి, లోటు నీటిదో ఎరువుదో తెలిసికొని బస్తా విప్పవలెను.